గుండుతో బెంగుళూరు పోయిన పిల్ల

మా చెల్లెలు మోహన గురించి ఎవరైనా రాయాలంటే అది నేనే రాయాలి. మిగతావాళ్ళంతా ఆమెను మంచిది అంటారు. మంచిదే, కాదనను. కానీ ఒట్టి పిరికిది కూడా. ఆ సంగతి నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు బల్లి కనిపించినా, లెక్కల్లో మార్కులు తగ్గినా వచ్చి నా వెనక దాక్కునేది. ఇప్పుడు బెంగుళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదిమంది చేత పని చేయిస్తోంది. ఆ పదిమందికీ ఈ సంగతి తెలిస్తే ఏమవుతుందో నాకు తెలియదు గానీ, రాస్తానని చెప్పే రాస్తున్నాను.

తిరుపతిలో మాది టోపీల అంగడి. కొండ మీద తలనీలాలు ఇచ్చి దిగివచ్చేవాళ్ళకు ఎండ తగలకుండా గుడ్డ టోపీలు, తువ్వాళ్ళు, తలకు పూసుకునే గంధం అమ్ముతాం. మా నాయన మునిరామయ్య గుండును ఒకసారి చూసి టోపీ కొలత చెప్పేస్తాడు, టేపు ముట్టడు. మనుషుల మొహాలు ఆయనకు గుర్తుండవు, తలలు గుర్తుంటాయి. మాట చాలా తక్కువ. ఆ లోటు మా అమ్మ నాగులమ్మ తీరుస్తుంది.

1999లో మోహన డిగ్రీ ముగించి బెంగుళూరులో ఎంసీఏ సీటుకు పరీక్ష రాసింది. అప్పట్లో మా వీధిలో కంప్యూటరు అనే మాటను దేవుడి పేరు తర్వాత అంత భక్తిగా పలికేవాళ్ళు. సీటు వస్తే పిల్ల తలనీలాలు ఇస్తానని అమ్మ మొక్కుకుంది. మొక్కింది అమ్మ, ఇవ్వాల్సింది మోహన. "నీ జుట్టే ఇస్తానని మొక్కుకోవచ్చు కదమ్మా" అన్నాను. "నాకేమన్నా సీటు వస్తా ఉండాదా?" అంది. 

సీటు వచ్చింది. కాలేజీలో చేరడానికి నాలుగు రోజుల ముందు అందరం కొండకు పోయాం. నడుము దాటిన జడ, కల్యాణకట్టలో ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. మోహన ఏడవలేదు. నేనే ఏడ్చాను, పదేళ్ళుగా రోజూ ఆ జడ అల్లింది నేను కదా. మరుసటి రోజు ఆ గుండుతోనే బ్యాంకుకు పోయి డీడీ తీసుకుంది, కాలేజీకి పోయి టీసీ తెచ్చుకుంది. మా ఊళ్ళో గుండుతో ఉన్న ఆడపిల్లను ఎవరూ రెండోసారి చూడరు. బయట ఊరి మనిషి అనుకుని ఆటోవాళ్ళు అలిపిరికి వస్తావా అని అడుగుతారు, అంతే. అందుకే ఆ తలతో బెంగుళూరులో ఎలా ఉంటుందన్న ఆలోచన మాలో ఏ ఒక్కరికీ రాలేదు. గుండ్ల మధ్య పుట్టి పెరిగినవాళ్ళం, మాకెలా వస్తుంది?

మోహన భయం వేరే. ఆ ఊళ్ళో ఆమెకు తెలిసినవాళ్ళు ఒక్కరు కూడా లేరు. తెలిసినవాళ్ళు లేకపోతే బెంగుళూరులో పని జరగదని, ఉద్యోగాలు కూడా ఒకరి చెయ్యి పట్టుకుని ఒకరికి వస్తాయని చూసి వచ్చినవాళ్ళందరూ చెప్పారు. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, "నాతో ఎవురన్నా మాట్లాడతారా అక్కా?" అని అడిగింది. "నువ్వు నోరు తెరిస్తే మాట్లాడతారు" అన్నాను. ఓదార్చడం నాకు రాదు.

హాస్టలు మల్లేశ్వరంలో. మొదటి సాయంత్రం భోజనాల గదిలోకి అడుగుపెట్టేసరికి అరవై మంది ఆడపిల్లలు. షాంపూతో తల స్నానం చేసి విరబోసుకున్నవాళ్ళు, భుజాల దాకా కత్తిరించుకున్నవాళ్ళు. చివరి బల్ల దగ్గర ఇద్దరు సీనియర్లు, "తిరుపతి బస్సు వచ్చినట్టుంది" అని నవ్వుకున్నారు. వాళ్ళ నవ్వులో పెద్ద విషమేమీ లేదని ఇప్పుడు మోహనే అంటుంది. కానీ అప్పుడు మాత్రం తల కొట్టేసినట్టయింది. కంచంలో పెట్టించుకున్న అన్నం సగం కూడా తినకుండా లేచింది. కాసేపటికి వార్డెన్ భారతమ్మ రిజిస్టరు ముందుకు తోసి ఊరి పేరు రాయమంటే చిత్తూరు అని రాసింది. మా జిల్లా చిత్తూరే కాబట్టి అది అబద్ధం కాదని తర్వాత నాతో వాదించింది. లోకమంతా తిరుపతి పేరు చెప్పుకుని పనులు చేయించుకుంటుంటే, తిరుపతి పిల్ల ఆ పేరు దాచుకోవడం నేను ఎక్కడా వినలేదు.

గదిలో ఇంకో అమ్మాయి ఉంది. పేరు నవీన. పలమనేరు దగ్గర టమేటా, మల్బరీ పండించే రైతుల ఇంటి పిల్ల. ఆమె మోహన తల చూసి నవ్వలేదు. తలుపు దగ్గరగా వేసి వచ్చి, పక్కన కూర్చుని, చిన్న గొంతుతో అడిగింది.

"నీకు కూడా ట్రీట్‌మెంటు నడస్తా ఉండాదా?"

ఏ ట్రీట్‌మెంటో మోహనకు తెలియదు. మా వీధిలో ఒక పిల్లకు టైఫాయిడ్ వచ్చి జుట్టు రాలిపోతే గుండు చేయించారు, అలాంటిదేదో అనుకుంది. తిరుపతి గుండేనా అని అడగనందుకే ప్రాణం లేచివచ్చింది. తల ఊపింది. "అయిపోయింది" అని కూడా అంది.

నవీన అడిగింది క్యాన్సర్ గురించి. వాళ్ళమ్మ రుక్మిణమ్మకు రెండు నెలల కిందట ఆ జబ్బు అని తేలింది. బెంగుళూరులోని పెద్దాసుపత్రిలో మూడు వారాలకొకసారి సూదులు వేస్తున్నారు. జుట్టంతా రాలిపోయింది. వాళ్ళ ఊరి నుంచి తిరుపతి నాలుగు గంటల దూరం కూడా లేదు, మొక్కుల గుండ్లు చూడని పిల్ల కాదు. కానీ ఆ రోజుల్లో వారానికి రెండు రోజులు ఆ వార్డులో కూర్చుని వస్తున్న నవీనకు గుండు కనిపిస్తే కొండ గుర్తుకు రావడం మానేసింది. మోహన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మరుసటి రోజు మధ్యాహ్నానికల్లా హాస్టలంతా తెలిసిపోయింది. మోహనకు మాత్రం తెలియదు. ముందు రోజు నవ్విన సీనియర్లు ఇద్దరూ బ్రెడ్డు, అరటిపళ్ళు తీసుకుని గదికి వచ్చారు. ఒకామె కళ్ళు తుడుచుకుంది. నవీన తన కింది మంచం ఇచ్చేసి పై మంచం ఎక్కింది. రోజూ తెల్లారేసరికి వేడినీళ్ళ బకెట్టు రెండు అంతస్తుల మెట్లెక్కి వచ్చి మోహన కోసం స్నానాల గదిలో ఉండేది. మోసేది నవీనే. ఎవరినీ నవ్వుతూ పలకరించి ఎరగని భారతమ్మ కూడా రాత్రి పాలు ఒక గ్లాసు ఎక్కువ పోయించేది.

కాలేజీలోనూ అంతే. ల్యాబులో ఇద్దరికి ఒక కంప్యూటరు. మామూలుగా కీబోర్డు కోసం కొట్లాటే. మోహనకు మాత్రం అది ఎప్పుడూ ఖాళీగా దొరికేది. బెంగుళూరు పిల్లలు తమ నోట్సులు జెరాక్సు తీయించి ఇచ్చారు. ఇంటర్నెట్ సెంటరుకు తీసుకుపోయి ఈమెయిల్ తెరిపించారు. ఒకమ్మాయి వాళ్ళన్న పని చేసే కంపెనీకి వెంటబెట్టుకుపోయి లోపలంతా చూపించింది. ఆదివారం ఉదయం మా అంగడి పక్కనున్న ఎస్‌టీడీ బూతుకు ఫోన్ చేసినప్పుడల్లా కొత్త పేర్లు చెప్పేది. "అక్కా, ఈ ఊళ్ళో అందరూ శానా మంచోళ్ళు. ఊరికే భయపెట్టినారు మనల్ని" అనేది. ఆ మాట నేను అంగడికి వచ్చినవాళ్ళకు కూడా చెప్పాను.

మూడో వారంలో నవీన తన ట్రంకుపెట్టెలోంచి వాళ్ళమ్మ ఫోటో తీసి చూపించింది. నిండు జుట్టు, దాని మీద మల్లెపూలు. తర్వాత జబ్బు సంగతి మొదటి నుంచి చెప్పింది. చివర్లో, "నిన్ను సూసినాకే నాకు ధైర్యం వచ్చింది. అమ్మక్కూడా పోయినప్పుడల్లా నీ గురించే సెప్తా ఉండాను" అంది.

అప్పుడు అర్థమైంది మోహనకు, తను దేనికి తల ఊపిందో. తనకు మూడు వారాల్లో దొరికిన మనుషులందరూ, బకెట్టు, కీబోర్డు, పాలు, అన్నీ ఎందుకు వచ్చాయో కూడా అర్థమైంది.

అప్పుడే చెప్పేయవచ్చు కదా అని మీరు అంటారు. తర్వాత తెలిసినప్పుడు నేనూ అదే అన్నాను. చెప్తే నవీన పోతుంది. నవీనతో పాటు మిగిలినవాళ్ళందరూ పోతారు. జబ్బు మనిషిలా నటించి సేవలు చేయించుకుందని హాస్టలంతా ఉమ్మేస్తుంది. ఎవరూ లేని ఊళ్ళో అరవై మంది మధ్య ఒంటరిగా ఉండటం మోహనకు చావు కన్నా పెద్ద భయం. అందుకని రేపు చెప్తాను, ఆదివారం చెప్తాను, ఇంటర్నల్ పరీక్షలు కానీ అనుకుంటూ రోజులు జరిపింది. కింది మంచం మాత్రం తిరిగిచ్చేసింది. నవీన ఒప్పుకోలేదు. నీళ్ళు నేనే తెచ్చుకుంటానంది. నవీన దానికీ ఒప్పుకోలేదు. నెలకొకసారి ప్లాస్టిక్ స్కేలు పెట్టి మోహన జుట్టు కొలిచి, అర అంగుళం వచ్చిందని ఆసుపత్రికి పోయి వాళ్ళమ్మకు చెప్పేది.

నవంబరులో రుక్మిణమ్మ మొండికేసింది. ఇంకా మూడుసార్లు సూదులు వేయించుకోవాలి. వద్దంది. వాంతులు, నీరసం, నోరంతా పుండ్లు. ఎట్లాగూ పోయేదానికి ఇంత కష్టం ఏంటికి, నన్ను ఊరికి తీసకపొండి, నా ఆవుల దగ్గర పడుకుంటాను అంది. భర్త దొరస్వామి బతిమాలాడు. డాక్టరు కేకలేశాడు. వినలేదు. అప్పుడు నవీన మోహన రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వొకసారి వచ్చి మా అమ్మకు కనబడు. నీ జుట్టు సూపించు. నువ్వు సెప్తే వింటాది."

ఆ ఆదివారం మోహన ఫోన్ చేసి మొదటిసారి జరిగిందంతా నాకు చెప్పింది. బూతులో నిలబడి చివరిదాకా విన్నాను. నాకు ఎంత కోపం వచ్చిందంటే, బూతు బయట నలుగురు వేచి ఉన్నారన్నది కూడా చూసుకోకుండా తిట్టాను. "ఆసుపత్రికి పోయే లోపల ఆ పిల్లకు సెప్పు. సావబోయే మనిషి ముందర నాటకం ఆడతావా?" అన్నాను. సరేనంది. దారిలోనే చెప్తానంది.

సిటీ బస్సులో పది స్టాపులు. ప్రతి స్టాపులోనూ వచ్చే స్టాపులో చెప్దామనుకుంది. నవీన ఆమె భుజం మీద తల వాల్చి ఉంది. చెప్పలేకపోయింది.

ఆడవాళ్ళ వార్డులో కిటికీ పక్క మంచం మీద రుక్మిణమ్మ పడుకుని ఉంది. ఫోటోలోని మనిషిలో సగం కూడా లేదు. తలకు చీర కొంగు కప్పుకుంది. మోహనను చూసి దగ్గరకు రమ్మంది. ఎండు చెయ్యి చాపి, మొలుస్తున్న జుట్టు మీద రెండుసార్లు నిమిరింది. తర్వాత మొహంలోకి చూసింది. అలా చాలాసేపు చూసి, కూతురితో, "పాపా, పోయి వేడి కాఫీ తీసుకురాపో, క్యాంటీన్లో నిలబడి సేయించి తేవాల" అంది.

నవీన ఫ్లాస్కు తీసుకుని వెళ్ళింది. ఆమె తలుపు దాటగానే రుక్మిణమ్మ అడిగింది.

"ఏం మొక్కమ్మా నీది?"

మోహన తలుపు వైపు చూసింది.

"భయపడొద్దు. నేను మూడుసార్లు తల ఇచ్చినదాన్ని. నా మొగం సూడు. ఈ మందు తలమీదిది ఒక్కటే తీసకపోదు. కనుబొమలు పోయినాయి, రెప్పల ఎంట్రుకలు పోయినాయి. నీకు అన్నీ నల్లగా నిండుగా ఉండాయి. మందు ఆపి మళ్ళీ మొలిచినోళ్ళకు కూడా ఇంత తొందరగా ఇంత నిండుగా రావు. ఆడపిల్లలు మీకు తెలీదు. మంచంలో పడుకుని పొద్దంతా పక్క మంచాలోళ్ళ మొగాలు సూస్తా ఉండేదాన్ని, నాకు తెలీదా?"

మోహన మంచం పట్టె పట్టుకుని ఏడ్చింది. నవ్విన సీనియర్ల నుంచి స్కేలు దాకా అన్నీ చెప్పింది. మాది తిరుపతి అని కూడా చెప్పింది. ఎవరితోనైనా ఆ మాట చెప్పి మూడు నెలలు దాటింది. రుక్మిణమ్మ ఆమె ఏడుపు అయ్యేదాకా ఆగి, "మీ అమ్మ శానా గట్టిది. పిల్ల జుట్టు మొక్కిందా?" అని నవ్వింది. పుండ్ల నోటితో నవ్వడం కష్టమై మధ్యలో ఆపేసింది.

"ఇప్పుడే నవీనకు సెప్పేస్తానమ్మా" అంది మోహన.

"సెప్పొద్దు." రుక్మిణమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. "అది మూడు నెలలుగా నిన్ను సూసి అన్నం తింటా ఉండాది. నిద్రపోతా ఉండాది. ఇప్పుడు సెప్తే దానికి పట్టుకునేదానికి ఏమీ ఉండదు. నేను ఆ మూడు సూదులు వేయించుకుంటా. నీ కోసరం కాదు, దాని కోసరం. నేను లేచి తిరిగినాక నేనే సెప్తా. అందాక నువ్వు గమ్మునుండు."

నవీన కాఫీ తెచ్చేసరికి వాళ్ళమ్మ లేచి కూర్చుని ఉంది. వేయించుకుంటానని చెప్పింది. నవీన ఆ వార్డులో అందరి ముందూ మోహనను కావలించుకుంది. మోహన నాకు ఫోన్లో చెప్పింది: "ఆ పిల్ల నన్ను పట్టుకున్నప్పుడు భూమిలోకి పోదామనిపించింది అక్కా." నేను ఆ రోజు తిట్టలేదు. తిన్నావా అని అడిగాను.

రుక్మిణమ్మ మాట నిలబెట్టుకుంది. మూడూ వేయించుకుంది. ఫిబ్రవరిలో ఊరికి పోయింది, లేచి తిరిగింది, ఆవుల దగ్గరకు పోయింది. చెప్తానన్న సంగతి మాత్రం చెప్పలేదు. ఆమె కూడా మోహన లాంటిదే, రేపు, ఆదివారం అనే రకం. మోహన నెలనెలా ఉత్తరం రాసి అడిగేది. "పంట కోత కానీ" అని ఒకసారి, "మీ పరీక్షలు కానీ" అని ఒకసారి జవాబు వచ్చింది. ఈలోగా రుక్మిణమ్మకు జుట్టు మూడు వేళ్ళంత పెరిగింది. మళ్ళీ మొలిస్తే ఆ మొదటి జుట్టు స్వామికే ఇస్తానని ఆమె మంచంలో ఉండగా మొక్కుకుందట. ఆగస్టులో వస్తాం, మీ ఇంట్లోనే దిగుతాం అని కబురు పంపింది. మోహనది తిరుపతి అని నవీనకు అప్పటికి తెలుసు. చిత్తూరు నుంచి ఇల్లు మారినామని చెప్పి ఉంచింది మోహన. ఒకదానికి ఇంకొకటి తోడు.

మోహన ముందు రోజే వచ్చింది. వచ్చీ రాగానే నన్ను పెరట్లోకి లాక్కుపోయి, "అక్కా, అమ్మ నోరు ఎట్లైనా కుట్టు" అంది. అమ్మకు విషయం చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది. "దేవుడి మొక్కు సెప్పుకునేదానికి సిగ్గేంది మ్మే?" అని మండిపడింది. తర్వాత రుక్మిణమ్మ సంగతంతా విని, కళ్ళు తుడుచుకుని, సరేనంది. ఆమె అన్నంత పనీ చేసింది. మరుసటి రోజు తల్లీకూతుళ్ళు వచ్చినప్పటి నుంచి భోజనాలు అయ్యేదాకా మా అమ్మ తిరుపతి గురించి, తలల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. సాంబారు గురించే మాట్లాడింది. నా పెళ్ళిచూపుల్లో కూడా ఆమె అంత జాగ్రత్తగా లేదు. నేనూ మోహనా వంటింట్లో ఒకరినొకరు చూసుకుని ఊపిరి పీల్చుకున్నాం.

నాయన సంగతి మేము మరిచిపోయాం. ఆయన ఎప్పుడు మాట్లాడాడు గనక?

సాయంత్రం నాయనకు కాఫీ తీసుకుని నేను అంగడికి బయలుదేరితే, అమ్మకు రేపటికి ఒక టోపీ తీసుకుంటానని నవీన నాతో వచ్చింది. రుక్మిణమ్మ మిద్దె కింద గదిలో కునుకు తీస్తోంది. అంగడి దగ్గర నాకు తెలిసినవాళ్ళెవరో ఎదురై పలకరించారు. నాలుగు మాటలు మాట్లాడి నేను తిరిగేసరికి నాయన రెండు టోపీలు తీసి బల్ల మీద పెట్టి ఉన్నాడు. ఇంటికి వచ్చిన అతిథి, అందులో కూతురి స్నేహితురాలు. ఆ రోజే ఆయనకు మాట్లాడాలనిపించింది.

"మీ అమ్మకు ఈ కొలత సరిపోతాది పాపా. గుండు మీద ఎండ పడితే ఈ వయసులో తలనొప్పి వస్తాది. మా మోహనకు కూడా సెప్పినా. బెంగుళూరు బస్సెక్కే ముందర టోపీ పెట్టుకోమ్మా అంటే వినలా. సీటు వచ్చిందని వాళ్ళమ్మ మొక్కు తీర్చి నాలుగు రోజులన్నా కాలా అప్పటికి. గంధం పూసి పంపించినా."

ఏడాది మొత్తం మీద మా నాయన అన్ని మాటలు మాట్లాడగా నేను వినలేదు.   నవీన టోపీలు రెండూ తీసుకుని, వస్తాను అని చెప్పి మెట్లు దిగింది. ఇంటిదాకా నేను పక్కనే నడుస్తున్నానని కూడా ఆమెకు గుర్తు లేదు.

మోహన మిద్దె మీద ఆరిన బట్టలు తీస్తోంది. నవీనను, ఆమె వెనక నన్ను, నా మొహాన్ని చూసింది. అంతే, తెలిసిపోయింది. తీసిన బట్టలు గుండెలకు పట్టుకుని నిలబడింది. చిన్నప్పటిలా నా వెనకకు వస్తుందేమో అనుకున్నాను. రాలేదు.

"నీకు జబ్బు లేదా?" అని అడిగింది నవీన.

"లేదు."

"ఎప్పుడూ లేదా?"

"ఎప్పుడూ లేదు. అది మొక్కు గుండు. ఆ పొద్దు నువ్వు దేన్ని అడిగినావో తెలీక తల ఊపినాను. తెలిసినాక కూడా సెప్పలేదు. నువ్వు నాతో మాట్లాడవని భయపడినాను."

మీ అమ్మే చెప్పొద్దంది అని మోహన అంటుందని నేను ఎదురుచూశాను. ఆ ఒక్క మాట అంటే సగం తప్పు ఆమె నెత్తి మీది నుంచి దిగిపోయేది. అనలేదు. నేను అనబోతే కళ్ళతోనే ఆపింది. మా చెల్లెలు పిరికిది అని మొదట రాశాను కదా. ఆ సాయంత్రం వరకు పిరికిదే.

నవీనకు కోపం రాలేదని అనుకోకండి. వచ్చింది, కాకపోతే తర్వాత వచ్చింది. బెంగుళూరు పోయాక గది మార్చుకుంది, పదకొండు రోజులు మాట్లాడలేదు. హాస్టల్లో అందరికీ నిజం చెప్పింది మాత్రం మోహనే, భోజనాల గదిలో లేచి నిలబడి చెప్పింది. కొంతమంది మొహం తిప్పుకున్నారు, కొంతమంది నవ్వారు, భారతమ్మ పాలు ఆపేసింది. పన్నెండో రోజు రుక్మిణమ్మ పలమనేరు నుంచి బస్సెక్కి వచ్చి, ఇందులో తన తప్పు ఎంతో కూతురికి తానే చెప్పింది. ఇవన్నీ జరిగాయి. కానీ ఆ మిద్దె మీద జరిగింది వేరు.

నవీన పిట్టగోడ పక్కన కూలబడిపోయింది. టోపీలు ఒళ్ళో పెట్టుకుంది. మోహన దగ్గరకు పోవడానికి భయపడుతూ దూరంగానే నిలబడింది. నవీన తల ఎత్తి మళ్ళీ అడిగింది.

"అయితే నీకు మళ్ళీ వచ్చేది అనేదే లేదా?"

"లేదు."

"ఐదేండ్లు దాటితేనే మళ్ళీ రాదని గట్టిగా సెప్పగలమని డాక్టరు మా అమ్మకు సెప్పినాడు. నీకూ అంతే కదా అని, నీ గురించి కూడా అడిగినా ఆయన్ని. నువ్వు దగ్గితే లేచి కూర్చుంటా ఉన్నా. నువ్వు ఒక పూట అన్నం తినకపోతే నాకు కాళ్ళు సేతులు ఆడేవి కావు. అమ్మతో ఈ మాట అనలేను. నీతో అసలే అనలేను." ఆమె ఏడుస్తోంది, ఏడుస్తూనే నవ్వుతోంది. "ఈ ఏడాదంతా ఇద్దరి కోసరం భయపడినాను మోహనా."

మోహన చేతిలోని బట్టలు పిట్టగోడ మీద పెట్టింది. తను ఆ పిల్లకు ధైర్యం ఇస్తున్నానని ఏడాదిగా సర్దిచెప్పుకుంటూ వచ్చింది పాపం. రుక్మిణమ్మ కూడా అదే అనుకుంది. నేనూ అదే అనుకున్నాను. మా ముగ్గురిలో ఒక్కరికీ ఇది తట్టలేదు. మోహన పోయి ఆమె పక్కన కూలబడింది. 

నవీన ఆమె తల మీద చెయ్యి వేసి, అప్పటికి చెవుల దాకా పెరిగిన ఆ జుట్టును పిడికిట్లో పట్టుకుని, గట్టిగా ఒకసారి గుంజింది.

"పోనీలే," అంది. "ఇంక మా అమ్మ ఒక్కదాని కోసరం భయపడితే సాలు."